సవరణ: ‘డెత్ ఇన్ వెనిస్’ సంగీతం గురించి

ఇటాలియన్ దర్శకుడు విస్కోంతి తీసిన ‘డెత్ ఇన్ వెనిస్’ (1971) గురించి మొన్న రాసినప్పుడు, మొదట్లో స్టీమర్ వచ్చే సీన్‌కి ఫుల్ ఆర్కెస్ట్రా వాయించిందని, ఆ సంగీతం సినిమా కోసమే కట్టారని అన్నాను. రెండూ తప్పే, క్షమించండి. అది ఆస్ట్రియన్ స్వరకర్త మాలర్ రాసిన ఐదో సింఫనీలోని (ఆర్కెస్ట్రా కోసం కట్టిన పెద్ద రచన) నాలుగో భాగం, ‘అడాజియెట్టో’. ఆ సింఫనీని 1904లోనే జర్మనీలోని కొలోన్‌లో తొలిసారి వినిపించారు.

ఈ భాగంలో వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాలు, హార్ప్ మాత్రమే ఉంటాయి. ఫ్లూట్లు, ట్రంపెట్లు, డ్రమ్స్ ఏవీ ఉండవు. ఇది చిన్న తేడా కాదు. దరువు లేదు కాబట్టే, హార్ప్ చుక్కలు చుక్కలుగా రాలుతూ వయొలిన్లు ఒక్కో స్వరాన్ని సాగదీస్తుంటే, తెల్లవారని ఆ సముద్రం మీద స్టీమర్ కదులుతోందో ఆగిందో తెలియదు. కథానాయకుడు ఆషెన్‌బాఖ్ ఒక్క మాటా మాట్లాడకముందే అతని అలసట మనకు పట్టుకుంటుంది. చివర్లో, బీచ్ సీన్‌లోనూ ఇదే సంగీతం.