మందు లేని మందు, రుజువు లేని రుజువు

ప్రకృతి వైద్యుల మీద ఒక నింద ఉంది: మందు ముట్టబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్లు హోమియో మాత్రలు ఎలా ఇస్తారని. మన దగ్గర ఈ తకరారు పెద్దగా రాదు. మన ప్రకృతి ఆశ్రమాల్లో మట్టిపట్టీ వేస్తారు, తొట్టిస్నానం చేయిస్తారు, ఉప్పు లేని సొరకాయ కూర పెడతారు. హోమియో వాళ్ల కాలేజీలు వేరు, డిగ్రీలు వేరు. ఢిల్లీలో మాత్రం ఇద్దరికీ ఒకటే పైకప్పు, ఆయుష్ శాఖ. అమెరికా వరస అలా కాదు. 1901లో న్యూయార్క్‌లో బెనెడిక్ట్ లస్ట్ ప్రకృతి వైద్య పాఠశాల తెరిచిననాడు మందు జోలికి పోని వైద్యమన్నదే దాని జెండా. ఇవాళ ఆ వంశపు నేచురోపతి డాక్టర్లు హోమియోపతి చదివి, లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్నలకూ జవాబులు రాసి బయటికొస్తున్నారు. సియాటిల్ పక్కన కెన్మోర్‌లో అలాంటి విశ్వవిద్యాలయం ఒకటుంది. దాని పొరుగూరు బోథెల్‌లో మన సాఫ్ట్‌వేర్ వాళ్లు కాపురాలుంటున్నారు గనక ఇది మనవాళ్ల గుమ్మం ముందరి సంగతే.

ఆ నిందను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. వాళ్లు ఒట్టు తప్పలేదు. మందివ్వనన్న వైద్యుడు ధర్మం చెడకుండా ఇవ్వగలిగిన మందు లోకంలో ఒక్కటే ఉంది. అందులో మందు లేదు.

ఎగతాళి చేస్తున్నాననుకునేవాళ్ల కోసం లెక్క చెబుతాను. మూలద్రవ్యం ఒక చుక్కను తొంభైతొమ్మిది చుక్కల్లో కలిపి కుదిపితే 1సి. అందులోంచి చుక్క తీసి మళ్లీ తొంభైతొమ్మిదిలో కలిపితే 2సి. ఈ పలచన మెట్లనే వాళ్లు పొటెన్సీలంటారు. ఏటా 3,000 టీఎంసీల గోదావరి నీళ్లు సముద్రం పాలవుతున్నాయని మన నాయకులు పార్టీలకతీతంగా బాధపడుతుంటారు కదా, ఆ నీళ్లన్నిట్లో ఒకే ఒక్క చుక్క వేసి కలిపితే వచ్చేది ఉజ్జాయింపుగా 9సి. హోమియో లెక్కలో అది ఇంకా పసిమందు. 12సి దాటాక మూలద్రవ్యపు అణువు ఒక్కటి మిగిలినా అదృష్టమే. డాక్టర్లు తరచుగా రాసేది 30సి. ఫ్లూ జ్వరానికని బాతు గుండె, కాలేయాలతో చేసే ఆసిల్లోకాక్సినం 200సి. అంటే ఒకటి పక్కన 400 సున్నాలు. కంటికందే విశ్వంలోని పరమాణువులన్నీ లెక్కపెట్టడానికి 80 సున్నాలు చాలునంటారు. మిగతా 320 సున్నాలను ఎక్కడ సర్దారని అడగడం మర్యాద కాదు.

ఈ విద్యను కనిపెట్టిన హానెమన్‌ను మాత్రం నేనేమీ అనను. పలచన చేసేకొద్దీ బలం పెరుగుతుందని ఆయన అన్నప్పుడు అణువుల లెక్క ఇంకా తేలలేదు. ఆయన 1843లో పోయాడు, లెక్కకు దారి దొరికింది 1865లో. పైగా ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు నరం కోసి నెత్తురు తీసేవారు, పాదరసం మింగించేవారు. వాళ్ల మధ్య ఏమీ ఇవ్వని వైద్యుడి చేతిలో రోగి బతికి బయటపడ్డాడంటే నమ్మొచ్చు.

ఇక పరిశోధన. హోమియోకు పరిశోధనే లేదని గిట్టనివాళ్లు అంటారు. పచ్చి అబద్ధం, కావలసినంత ఉంది. 1994లో నికరాగువాలో విరేచనాలతో బాధపడుతున్న 81 మంది పిల్లల మీద అమెరికన్ పరిశోధకులు పరీక్ష చేశారు. ఉప్పు పంచదార ద్రావణం అందరికీ పట్టించారు, కొందరికి హోమియో మందు, మిగతావాళ్లకు ఉత్త గుళికలు. మందు వాడిన పిల్లలకు మూడు రోజుల్లో తగ్గింది, మిగతావాళ్లకు 3.8 రోజులు పట్టింది. పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది, పండగ చేసుకున్నారు. తర్వాత అదే పరిశోధకురాలి బృందం హోండురాస్‌లో 292 మంది పిల్లల మీద, ఈసారి అందరికీ ఒకే మిశ్రమం ఇచ్చి చూసింది. 2006లో ఫలితం వచ్చింది: తేడా లేదు. ఈ రెంటికీ నడుమ, 2005లో, లాన్సెట్ పత్రికలో 110 హోమియో పరీక్షల్ని 110 మామూలు వైద్య పరీక్షల పక్కన పెట్టి తూచారు. వాటిలో పెద్దవి, పకడ్బందీగా చేసినవి అయిన ఎనిమిది హోమియో పరీక్షల్ని విడదీస్తే ఉత్తుత్తి మాత్రకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ 176 అధ్యయనాలు చదివి, 61 రకాల బాధల్లో ఏ ఒక్కదానికీ నమ్మదగ్గ సాక్ష్యం లేదని తేల్చింది.

దీన్ని ఓటమిగా చూసేవాళ్లకు హోమియో సూత్రం ఒంటబట్టలేదన్నమాట. పరీక్ష చిన్నగా, వదులుగా ఉన్నప్పుడు ఫలితం ముద్దగా కనిపించింది. పరీక్ష పెరిగి బిగిసేకొద్దీ ఫలితం పలచబడుతూ చివరికి అణువంతైనా లేకుండా పోయింది. ఇంత ఉన్నత పొటెన్సీకి చేరిన సాక్ష్యం ఇంకే వైద్యానికైనా ఉందా? "మరిన్ని పరిశోధనలు జరగాలి" అని నేచురోపతి సంఘాలవాళ్లు అంటుంటే నవ్వేవాళ్లున్నారు. ఇంకో నాలుగు కుదుపులు కుదిపితే ఏమవుతుందో చూద్దామన్న శాస్త్రీయ కుతూహలం అది.

మనిషి మనిషికీ మందు మారుతుంది, గుంపుకంతా ఒకే మందిచ్చి పరీక్షిస్తే ఎలా అని వాళ్ల వాదన. న్యాయమైన మాటే. అందుకే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పరిశోధకులు కీళ్లవాతం ఉన్న 83 మందిని తీసుకుని, రోగికి తగ్గ మందు వేరు, డాక్టరుతో మాటామంతీ వేరు చేసి చూశారు. 2011లో తేలిందేమంటే, మేలు జరిగింది గానీ అది మాటామంతీ వల్ల, గుళిక వల్ల కాదు. ఇందులో వింతేముంది? హోమియో డాక్టరు ముందు కూర్చుంటే కలలేమొస్తాయి, ఉరుములంటే భయమా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, చిన్నప్పుడు ఎవరైనా కొట్టారా అని గంటసేపు అడుగుతాడు. ఇంట్లోవాళ్లు పెళ్లయ్యాక ఒక్కసారైనా అడగని ప్రశ్నలివి. మన ధర్మాసుపత్రి ఓపీలో డాక్టరు రోగి మొహంలోకి చూసే సమయం ఎప్పుడో 30సికి చేరింది. హానెమన్ మాటే నిజమైతే అక్కడ రోగులు వరండాలోనే లేచి కూర్చోవాలి.

రాజమండ్రి ప్రభుత్వ హోమియో కళాశాలకు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. ఆయన తెరమీద నవ్వించిన మనిషే కాదు, హోమియో వైద్యం చేసిన మనిషి కూడా. ఆయన దగ్గరికెళ్లినవాళ్లకు నయమైంది గుళికతోనా, ఆ మొహం చూడగానే వచ్చిన నవ్వుతోనా అన్నది సౌతాంప్టన్ పద్ధతిలో తేల్చాల్సిన విషయం.

2018లో బయటికొచ్చిన సంగతి ఇది. కెనడా, విక్టోరియాలో ఒక నేచురోపతి వైద్యురాలి దగ్గరికి నాలుగేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. సరిగ్గా నిద్రపోడు, బల్లల కింద దూరి గుర్రుమంటాడు. ఆవిడ ఆలోచించి, పిచ్చికుక్క లాలాజలం నుంచి తయారుచేసిన లిస్సినం అనే హోమియో మందును 200 పొటెన్సీలో ఇచ్చి, ఫలితం బాగుందని తానే రాసుకుంది. రాష్ట్ర ఆరోగ్యాధికారి ఆందోళన పడ్డారు. ఎందుకో నాకర్థం కాలేదు. 200 పొటెన్సీలో కుక్కా లేదు, పిచ్చీ లేదు. భయపడాల్సింది తయారీలో పొరపాటు జరిగినప్పుడు. పసిపిల్లలకు పళ్లొచ్చేటప్పుడు వాడే హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా, ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉందని 2017లో అమెరికా ఔషధ సంస్థ బయటపెట్టింది. మందులో మందు పడిందన్నమాట. హోమియోలో ఇంతకు మించిన కల్తీ ఉండదు.

ప్రభుత్వాలు కూడా తోచినట్లు నడుచుకున్నాయి. 2020 జనవరి 29న, కరోనా మన ఊళ్లకింకా రాకముందే, పరగడుపున మూడు రోజులు ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 అనే హోమియో మందు వేసుకోమని మన ఆయుష్ శాఖ సలహా ఇచ్చింది. ఫ్రాన్స్ తీరు మరోలా ఉంది. అక్కడ హోమియో మందుల ఖర్చులో 30 శాతం ప్రభుత్వ ఆరోగ్య బీమా భరించేది. 2020లో దాన్ని 15 శాతానికి తెచ్చారు, 2021 జనవరి 1 నుంచి సున్నా చేశారు. హానెమన్ గురువుగారి పద్ధతిలోనే అంచెలంచెలుగా పలచన చేశారు గదా, తయారీదార్లు సంబరపడాలి. గగ్గోలు పెట్టారు. పలచన చేస్తే బలం తగ్గుతుందని ఆ వర్గంవాళ్లు ఒప్పుకోవడం నేను చూసింది అప్పుడే.