వ్యావహారిక వంటకు ఒక ఉద్యమం కావాలి

పర్లాకిమిడి అంటే ఆషామాషీ ఊరు కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని గ్రాంథికవాదులతో తగువు పడ్డారు. ఆ తగువులో ఆయన గెలిచారు కాబట్టే ఈ వ్యాసం మీకు అర్థమవుతోంది. అయితే పంతులుగారి మీద నాకు ఒక్క ఫిర్యాదు ఉంది. భాషను గ్రాంథికం నుంచి విడిపించారు గానీ వంటను విడిపించలేదు. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలోకి వెళ్లిపోయింది, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. వంట సంగతి ఆయన చెవిన వేసేవాళ్లే లేకపోయారు.

నేటికీ వంట గ్రాంథికంలోనే ఉంది. నమ్మకపోతే ఫోన్ తెరవండి. "ముందుగా ఒక బర్నర్ మీద పప్పు పెట్టుకుని, రెండో దాని మీద తాలింపు వేసుకుని, ఈలోగా మూడో దాని మీద..." అని ఒక అమ్మగారు మొదలుపెడతారు. ఆవిడ వెనక కనిపించే గట్టు మీద మా ఇంటిల్లిపాదీ పడుకోవచ్చు, చుట్టాలొస్తే వాళ్లనీ సర్దవచ్చు.

మా వంటగది మెట్ల కింద ఉంది. పొడవు ఐదడుగులు, వెడల్పు నాలుగు. ఎత్తు మాత్రం ఇంత అని చెప్పలేను. గుమ్మం దగ్గర నిలబడవచ్చు, స్టవ్ దగ్గర వంగాలి, ఉప్పు డబ్బా దగ్గరికి మోకాళ్ల మీద వెళ్లాలి. అందుకే మా కూరల్లో ఉప్పు తక్కువ. 14.2 కిలోల గ్యాస్ బండ ఒక మూల శాశ్వత సభ్యత్వం తీసుకుని కూర్చుంది. స్టవ్‌కి రెండు బర్నర్లు ఉండేవి, ఒకటి కాలం చేసింది. పై వాటా కుర్రాడు మెట్లు దిగినప్పుడల్లా గిన్నెలో సున్నం రాలుతుంది కాబట్టి, అతను కాలేజీకి వెళ్లే టైము చూసుకుని మూత తీస్తాం.

ఒంటి పొయ్యితో నెగ్గుకురావడానికి నేను చేయని ప్రయోగం లేదు. పూరీ జగన్నాథుడి వంటశాలలో మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు. అన్నిటికన్నా పైనున్న కుండే ముందు ఉడుకుతుందని చెబుతారు. ఒంటి పొయ్యి వాళ్లకి ఇంతకు మించి ధైర్యం చెప్పే మాట ఉంటుందా? నేనూ పేర్చాను. అన్నం గిన్నె, దాని మీద కూర గిన్నె, దాని మీద చారు గిన్నె. ముందు ఉడికింది నా చెయ్యి. తరవాత ఇండక్షన్ స్టవ్ కొన్నాను. అల్యూమినియం గిన్నె పెడితే అది పలకదని కొన్నాక తెలిసింది. మా ఇంట్లో ఉన్నవన్నీ అల్యూమినియం గిన్నెలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా గజపతి జిల్లా మీదుగా పోయి కరెంటు స్తంభాలను పడుకోబెట్టాక, ఆ స్టవ్ కూరలు తరుక్కునే పీటగా స్థిరపడింది. పీటగా చాలా బాగా పనిచేస్తుంది.

ఇక అసలు సంగతి. మా ఆవిడ పుట్టింటికి వెళ్లిన ఒక ఆదివారం, టెక్కలి నుంచి మా అక్కా బావగారూ భోజనానికి వస్తున్నామని ఫోన్ చేశారు. ముద్దపప్పు, ఆనపకాయ కూర, అరటికాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు అని గ్రాంథికంలోనే ప్రణాళిక వేశాను. కూరలన్నీ తరిగి ఇండక్షన్ స్టవ్ మీద వరసగా పెట్టుకున్నాను. అన్నం వండి హాట్‌ప్యాక్‌లో పెట్టాను. అప్పుడు కుక్కర్ తీస్తే గాస్కెట్ లేదు.

గాస్కెట్ ఎక్కడుందో నాకు తెలుసు. ఇంటి ఓనరు మావుసీ గారి ఫ్రీజర్లో ఉంది. సాగిపోయిన గాస్కెట్‌ని చల్లని చోట పెడితే బిగుస్తుందని పెద్దలు చెప్పారు, మాకు ఫ్రిజ్ పెట్టే చోటు లేదు. ముందు రోజు రాత్రి మావుసీని అడిగి, ఆవిడ చేపముక్కల పక్కన భద్రంగా పెట్టి వచ్చాను. పొద్దున చూస్తే వాళ్లింటికి తాళం. ఇంటిల్లిపాదీ గుడికి వెళ్లారు.

గాస్కెట్ ఉంటే ఆవిరి లోపలే బిగుసుకుని నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. లేకపోతే 100 దగ్గరే ఆగిపోతాయి, కుక్కర్ కాస్తా బరువైన గిన్నె అవుతుంది. దానికి తోడు మాది బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఉండే కాల్షియం పప్పుని మెత్తబడనివ్వదు. గంట గడిచినా కందిపలుకు పలుకులాగే ఉంది. టెన్షన్‌లో నేను ఇంకో తెలివైన పని చేశాను. పప్పుచారన్నా చేద్దామని అందులో చింతపండు పులుసు పోశాను. పులుపు పడితే ఉడుకుతున్న పప్పు కూడా ఉడకడం మానేస్తుందని మా ఆవిడ సాయంత్రం ఫోన్‌లో చెప్పింది. సాయంత్రం చెప్పింది.

అంతలో మంట ఎర్రబడి, నీరసించి, దగ్గడం మొదలుపెట్టింది. బండ అయిపోతోంది. ఇంకో బండ ఎప్పుడొస్తుందని ఆదివారం నాడు ఎవర్ని అడుగుతాం? ఆ ఆఖరి మంటలో నాలుగు కూరలు వండటం జగన్నాథుడి వల్ల అవుతుందేమో గానీ నావల్ల కాదు. పీట ఎత్తి ఆనపకాయ, అరటికాయ, గుమ్మడికాయ మొత్తం పప్పులోకి ఒంపేసి, పప్పుగుత్తితో నాలుగు పోట్లు పొడిచాను. తాలింపుకి మంట లేదు. పైన చారుపొడి చల్లాను. వీధిలో ఆటో ఆగింది.

బావగారు గిన్నెలోకి తొంగి చూశారు. "ఏటోయ్ ఇది? పప్పా, పులుసా?"

ఆ క్షణంలో నా నోట పలికింది సాక్షాత్తూ పంతులుగారే అని నా నమ్మకం. "దాల్మా, బావా. ఒడియా వాళ్ల వంటకం. పప్పులో కూరముక్కలు వేసి ఉడికించి, పైన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లుతారు. ఇక్కడ ఇదే స్పెషల్."

"అలగా! పేరు వినడమే గానీ ఎప్పుడూ తినలేదు," అని బావగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. "పప్పు పంటికి తగలడం కూడా పద్ధతేనా?" అన్నారు. పద్ధతే అన్నాను. అక్క మాత్రం ఏమీ అనకుండా నావైపు చూసింది. చిన్నప్పుడు ఊరగాయ జాడీ పిల్లి పగలగొట్టిందని నేను చెప్పినప్పుడూ ఇలాగే చూసింది.

వ్యావహారిక వంట మూలసూత్రం ఇదే. జనం నోట వచ్చిందే భాష అయినప్పుడు, గిన్నెలో తేలిందే వంట ఎందుకు కాకూడదు? దీనికి సరిహద్దు జిల్లాను మించిన చోటు లేదు. మన భాషలో చెడిపోయింది పక్క భాషలో వంటకం అవుతుంది. చిమిడిపోయిన కూరకి ఇక్కడ సంతుళా అని గౌరవమైన పేరుంది. నీళ్లు ఎక్కువైన అన్నం రాత్రి దాటితే పఖాళ, దానికి మార్చి 20న ఒక దినోత్సవం కూడా జరుపుతారు. కొఠియా ఊళ్ల మీద ఆంధ్రా ఒడిశాలు దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి, అక్కడి జనానికేమో రెండు వైపులా ఓటరు కార్డులున్నాయి. మా గిన్నెకీ అలాంటి హక్కే ఇమ్మంటున్నాను. కాబట్టి మాడిపోయిన ప్రతి వంటకానికీ రెండో రాష్ట్రంలో పేరు వెతుక్కోవడానికి ఒక రాత్రి గడువు ఇవ్వాలని ఇరు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు.

ఈ సిద్ధాంతానికి ఒక ఇబ్బంది ఉంది. రెండు గంటలకి మావుసీ వచ్చింది, మంచు పట్టిన గాస్కెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని. భోజనం వేళ గుమ్మంలోకి వచ్చిన మనిషికి పెట్టకుండా ఎలా? ఒక చిన్న గిన్నెలో ఇచ్చాను. దాల్మా అనడానికి మాత్రం నోరు రాలేదు. పుట్టినప్పటి నుంచి దాల్మా తింటున్న మనిషి ఆవిడ.

మావుసీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆలోచించింది. పులుపు తగిలినట్టుంది, మొహం విప్పారింది.

"భొలొ హొయిఛి, బాగా కుదిరింది. మీ తెలుగువాళ్ల సాంబారు కదా బాబూ?"

అవునన్నాను. లోపలి గదిలోంచి బావగారికి వినపడకుండా కొంచెం మెల్లగా అన్నాను.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మావుసీ మూత పెట్టిన గిన్నెతో దిగింది. "మీ సాంబారు నేనూ చేశాను, తిని చెప్పండి," అంది, నా కళ్లలోకి చూడకుండా. మూత తీస్తే మాడు వాసన. పచ్చి బొప్పాయి ముక్కలు, కందముక్కలు, విడీవిడని పప్పు. ఒక సోంపు గింజ పంటి కింద పడింది. సాంబారులో సోంపు ఎవరేస్తారు?

"అచ్చం మా అత్తగారు చేసినట్టే ఉంది మావుసీ," అన్నాను.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. గిన్నె తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది.

"మీ గాస్కెట్ ఒక పూట ఇస్తారా బాబూ? మాది వదులైపోయింది."