శిక్ష చాలక కాదు, సంతకం తేలక

వరంగల్ చుట్టూ భూమి ధర పెరిగిన కొద్దీ పాత తేదీల కాగితాలు కొత్తగా పుట్టుకొస్తున్నాయి. దొంగ పత్రాల ముఠా పట్టుబడిందన్న వార్త వస్తే చాలు, శిక్ష పెంచాలంటారు. పెంచడానికి ఇంకేం మిగిలింది? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ ప్రకారం సేల్ డీడ్, వీలునామా వంటివి ఫోర్జరీ చేస్తే జీవిత ఖైదు దాకా పడొచ్చు. పాత ఐపీసీ 467లోనూ ఇంతే ఉండేది.

చిల్లు ఫోర్జరీ నిర్వచనంలోనే ఉంది. మీ ఎకరాన్ని పక్కవాడు తనదేనని చెప్పి, తన పేరుతో, తన సంతకంతోనే మూడోవాడికి రిజిస్ట్రీ చేశాడనుకోండి. ఊరంతా దాన్ని ఫోర్జరీ అంటుంది. చట్టం అనదు. మహ్మద్ ఇబ్రహీం కేసులో 2009లో సుప్రీంకోర్టు తేల్చిందదే: అతను ఇంకొకరిలా నటించలేదు, ఇంకొకరి తరఫున రాస్తున్నాననీ చెప్పలేదు, కాబట్టి అది తప్పుడు పత్రం కాదు. మోసపోయానని కేసు పెట్టగలిగేది కొన్నవాడు, భూమి గలవాడు కాదు! 2018లో షీలా సెబాస్టియన్ తీర్పు ఇంకో ముడి వేసింది. దొంగ పత్రంతో లాభపడ్డాడంటే చాలదు, దాన్ని తయారుచేసింది అతనేనని రుజువు కావాలి.

శిక్ష కఠినంగా ఉంటే భయమైనా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, నేరం రుజువైతే.

రుజువు దగ్గరే కేసు కూలుతోంది. జిరాక్స్‌లో కలం ఒత్తిడి, గీత ఆగిన చోటు కనబడవు, ఒరిజినలే కావాలి. అనుమానం 2011 నాటి సంతకం మీదైతే పోల్చడానికి ఆ కాలపు సంతకాలే తేవాలి: బ్యాంకు ఖాతా ఫారం, సొసైటీ అప్పు కాగితం, పాత రిజిస్ట్రీ. కేసయ్యాక పెట్టించిన సంతకాలు మాత్రమే ల్యాబ్‌కు పంపితే, మనిషి కావాలనే మార్చి రాసి ఉండొచ్చు. వేలిముద్ర నయం. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ పుణ్యమా అని ఇరుపక్షాల ఫొటోలు, ముద్రలు పత్రానికే అంటి ఉంటాయి.

కొన్ని కాగితాలు ల్యాబ్ దాకా కూడా పోనక్కర్లేదు. 2013 తేదీ వేసి ‘జయశంకర్ భూపాలపల్లి జిల్లా’ అని రాస్తే, ఆ జిల్లా పుట్టిందే 2016 అక్టోబర్ 11న. 2008 అగ్రిమెంట్‌లో ఆధార్ నంబర్ ఉంటే, మొదటి ఆధార్ ఇచ్చింది 2010లో. 2005 కాగితంలో ₹ గుర్తుదీ అదే కథ. స్టాంప్ పేపర్ వెనక వెండర్ వేసిన నంబర్‌ను ఆయన రిజిస్టర్‌తో సరిచూడాలి. ముందూ వెనకా నంబర్ల తేదీల మధ్య అది ఇమడకపోతే సంగతి అక్కడే తేలుతుంది.

సాదా బైనామాకు, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న, రిజిస్టర్ కాని అమ్మకం పత్రానికి, రిజిస్ట్రీ ముద్రలు, స్టాంప్ నంబర్ లాంటి రక్షణేదీ లేదు. తెలంగాణ భూ రికార్డుల చట్టం భూభారతిలో దాని క్రమబద్ధీకరణకు 2014 జూన్ 2కు ముందు కొనుగోలై ఉండాలి, అంటే మొత్తం బరువు తేదీ మీదే. ఆ తేదీకి సాక్ష్యం ఎక్కడుంది? తహసీల్ రికార్డు గదిలో చెదలు తింటున్న పహాణీల్లో, అంటే ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసే రికార్డుల్లో. అనుభవదారు కాలమ్‌లో కొట్టివేతలు, వేరే సిరాతో ఇరికించిన పేర్లు. ఒరిజినల్ పేజీలను దిద్దుబాట్లతో సహా, రంగుల్లో స్కాన్ చేసి ఎవరైనా చూసేలా పెట్టాలి. తిరిగి టైప్ చేసిన నకలు అక్కర్లేదు. అందులో సిరా తేడా కనబడదు.

అందాకా భూమి గలవాడు క్రిమినల్ కేసు మీదే కూర్చోకూడదు. దస్తావేజు రద్దుకు సివిల్ దావా గడువు, సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే. ఎఫ్‌ఐఆర్ నడుస్తోందని ఆ లెక్క ఆగదు.