జూలియా: పేరుగా మారిన ఇంటిపేరు

పిల్లల పేర్ల వెబ్‌సైట్లలో 'జూలియా' అని వెతికితే అర్థం దగ్గర 'యౌవనవతి' అని కనిపిస్తుంది. దీనికి ఆధారం ఒక గ్రీకు మాట. 'ఇయూలోస్' అంటే కుర్రాడి చెంపల మీద తొలిసారి మొలిచే నూగు. లాటిన్ 'యూలియస్' వినడానికి దానికి దగ్గరగా ఉండటంతో రెంటినీ ముడిపెట్టారు. జూపిటర్ దేవుడికి చెందినవాడు అనే అర్థమున్న పాత రూపం నుంచి వచ్చి ఉండవచ్చన్నది మరో వాదన. నాకు ఇదే బలంగా అనిపిస్తుంది, కానీ ఇదీ తేలిన విషయం కాదు. నిజానికి రోములో ఈ మాటను అర్థం చూసి ఎవరూ పెట్టలేదు. అది ఇంటిపేరు. మన ఇంటిపేరుకు అర్థం చెప్పి, అమ్మాయి గుణం ఇదీ అని మనం అనం కదా.

గాయస్ యూలియస్ సీజర్ అనే పేరునే తీసుకుందాం. గాయస్ అతని సొంత పేరు, యూలియస్ వంశం పేరు, సీజర్ ఆ వంశంలో ఒక శాఖ. ఆడపిల్లకు మాత్రం సాధారణంగా సొంత పేరంటూ ఉండేది కాదు. తండ్రి వంశం పేరు చివర 'అస్' తీసి 'ఆ' చేరిస్తే అదే ఆమె పేరు. యూలియస్ కూతురు యూలియా (మనం జూలియా అనేది ఈ పేరునే), కొర్నేలియస్ కూతురు కొర్నేలియా, క్లాడియస్ కూతురు క్లాడియా. ఇద్దరు పుడితే పెద్దది, చిన్నది అనే అర్థంలో మేజర్, మైనర్ అని చేర్చేవారు. మూడో పిల్ల తెర్తియా, అంటే మూడోది. మన ఇళ్లలోనూ పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అంటాం, కానీ వాళ్లకు వేరే పేర్లుంటాయి. రోములో ఉన్నది అదొక్కటే.

చరిత్ర చదివేవాళ్లు పొరబడేది ఇక్కడే. సీజర్ మేనత్త జూలియా, ఇద్దరు అక్కచెల్లెళ్లూ జూలియాలే, రోమన్ సేనాని పాంపీని పెళ్లాడి క్రీ.పూ. 54లో ప్రసవ సమయంలో చనిపోయిన కూతురూ జూలియానే. ఈ పేరు కనిపించగానే ముందు తండ్రి ఎవరో చూడాలి, తర్వాత భర్త ఎవరో, ఆ తర్వాత ఏడాది. లేదంటే మేనత్త కథ మేనకోడలి ఖాతాలో పడుతుంది. భర్త పేరు చూడమన్నది ఆమెను గుర్తుపట్టడానికే. పెళ్లయినా రోము స్త్రీ పేరు మారదు. పాంపీ ఇంటికి వెళ్లినా ఆమె జూలియానే.

మారేది దత్తతతో. ఆగస్టస్ చక్రవర్తి పుట్టుకతో ఆక్టేవియస్. అందుకే అతని అక్క పేరు ఆక్టేవియా. సీజర్ వీలునామా ద్వారా దత్తత పొంది అతను యూలియస్ అయ్యాడు కాబట్టి కూతురు జూలియా. ఒకే ఇల్లు, ఒక తరం తేడా, రెండు వంశాల పేర్లు. క్రీ.శ. 14లో అతను చనిపోతూ భార్య లివియాను కూడా వీలునామాతో తన వంశంలోకి దత్తత తీసుకున్నాడు. డెబ్బై దాటిన వయసులో ఆమె జూలియా ఆగస్టా అయింది.

ఆమె రూపం తెలుగు నేల దాకా వచ్చింది. ఉమ్మడి నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఆగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి తిబేరియస్ కాలపువి ఉన్నాయి. తిబేరియస్ దెనారియస్, అంటే అతని వెండి నాణెం, నాలుగు గ్రాములు కూడా తూగదు. ముందువైపు చక్రవర్తి తల, వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో దండం, మరో చేతిలో కొమ్మ. పేరు చెక్కలేదు గానీ, ఆమె లివియానే అని చాలామంది నాణేల నిపుణులు భావిస్తారు.

ఈ పేరు రాజకుటుంబంలోనే ఉండిపోలేదు. యూలియస్ వంశస్థులు విడుదల చేసిన బానిస స్త్రీ జూలియా అయ్యేది. ఆ వంశపు చక్రవర్తులు పౌరసత్వం ఇచ్చిన కుటుంబాల ఆడపిల్లలకూ అదే పేరు వచ్చేది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత సిరియా నుంచి వచ్చి రోము సామ్రాజ్ఞి అయిన జూలియా డోమ్నాకు సీజర్‌తో రక్తసంబంధం లేదు. బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో వందనాలు చెప్పిన జూలియా కూడా విడుదలైన దాసి గానీ, అలాంటివారి సంతానం గానీ అయి ఉంటుందని పండితుల అంచనా. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఈ పేరుతో ఉన్న పాత బంధం ఈ జూలియానే, సీజర్ కూతురు కాదు.

తెలుగు బైబిల్లో ఆ పేరు 'య'తో మొదలవుతుంది. అది అచ్చు తప్పు కాదు, లాటిన్ ఉచ్చారణకు అదే దగ్గర. ఐ, జె అనే రెండు అక్షరాలు వేరుపడింది 16వ శతాబ్దం నుంచే. ఈ పేరు ఇంగ్లీషులో, ఇటాలియన్‌లో 'జూలియా' అయింది, స్పానిష్‌లో 'హూలియా', జర్మన్, రష్యన్ భాషల్లో 'యూలియా'గానే మిగిలింది. కాబట్టి పాపకు జూలియా అని పెట్టి జర్మనీలో పెంచే తల్లిదండ్రులు, బడిలో టీచరు 'యూలియా' అని పిలిస్తే దిద్దనక్కర్లేదు. జాగ్రత్తపడాల్సింది కాగితాల దగ్గర. జనన ధ్రువపత్రంలో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో మరొకటి ఉంటే ఇబ్బంది. జూలియా, జూలీ, జూలియానా ఒకే వేరు నుంచి వచ్చినా అధికారులకు మూడు వేర్వేరు పేర్లు. ముద్దుగా జూలీ అని పిలుచుకున్నా, ఆసుపత్రిలో ఇచ్చే మొదటి ఫారంలో పూర్తి పేరే రాయించాలి.