హై రిస్క్ సంతకం ఎవరి కోసం?

‘గుండె వీక్‌గా ఉంది, షుగర్ కంట్రోల్లో లేదు, హై రిస్క్ కేసు. ఇక్కడ సంతకం పెట్టండి’ అంటారు థియేటర్ తలుపు దగ్గర. కొడుకో అల్లుడో వణుకుతూ పెడతాడు. కాగితం ఫైల్లోకి పోతుంది. రోగి మాత్రం చాలాచోట్ల మామూలు కేసులాగే థియేటర్‌కు, అక్కణ్నుంచి మామూలు వార్డుకు వెళ్తాడు. రిస్క్ కుటుంబం నెత్తికెక్కింది, వైద్యంలో మారిందేమీ లేదు.

హై రిస్క్ అని తేల్చాక ఆసుపత్రి అదనంగా ఏం చేస్తుందో కూడా ఆ కాగితంలోనే రాయాలి. ఆపరేషన్‌కు సీనియర్ ఉంటారా? రాత్రికి ఐసీయూలో బెడ్ ఉందా? లేకపోతే ఎవరు, ఎన్ని గంటలకోసారి చూస్తారు?

ఇలాంటి రోగులు టేబుల్ మీద పోవడం అరుదు. చాలామంది తర్వాతి రోజుల్లో, వార్డుల్లో పోతారు. అమెరికాలో సుమారు 85 వేల ఆపరేషన్లను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం కళ్లు తెరిపించాలి. మరణాలు తక్కువున్న ఆసుపత్రుల్లోనూ, ఎక్కువున్న ఆసుపత్రుల్లోనూ కాంప్లికేషన్లు దాదాపు సమానమే, నలుగురిలో ఒకరికి. చనిపోయినవారు మాత్రం ఒకచోట 3.5 శాతం, మరోచోట 6.9 శాతం. కాంప్లికేషన్ వచ్చాక రోగిని దక్కించుకోవడంలోనే తేడా అంతా.

దక్కించుకోవాలంటే ముందు పసిగట్టాలి. రోగి దిగజారుతున్నాడని తొలుత చెప్పేవాటిలో ఊపిరి వేగం ఒకటి. మన వార్డుల్లో మంచానికి వేలాడే కేస్ షీట్ తీసి చూడండి. ఆ గడిలో పైనుంచి కిందిదాకా 20, 20, 20. ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. ఆయాసం వస్తోందని మొదట గమనించేది మంచం పక్కన చాప వేసుకున్న భార్య. ‘సిస్టర్, ఒకసారి చూడమ్మా’ అని ఆమె ఎన్నిసార్లు తిరిగితే అంత వైద్యం.

ఐసీయూ బెడ్లు ఎక్కడున్నాయి, డబ్బెక్కడిది అంటారు యాజమాన్యాలు. బెడ్ల కొరత నిజమే. కానీ ఊపిరి లెక్కపెట్టడానికి వెంటిలేటర్ అక్కర్లేదు, గోడ గడియారం, ఒక మనిషి చాలు. ఆ మనిషే లేదు. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్క నర్సు నెత్తిన పెట్టి, తెల్లారాక రౌండ్స్‌లో ఆమెనే కసురుకుంటాం. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. సర్జన్ ఫొటో జాతీయ రహదారి హోర్డింగ్ మీద ఉంటుంది, నర్సుకు జీతం పెంచమంటే మాత్రం ఆసుపత్రి నష్టాల్లో పడుతుంది!

ఇంగ్లండ్, వేల్స్‌లో అత్యవసర పొట్ట ఆపరేషన్లపై 2013 చివర్లో జాతీయ ఆడిట్ మొదలైంది. కత్తి పెట్టకముందే ప్రాణాపాయం ఎంత శాతమో లెక్కగట్టమన్నారు. అది 5 దాటితే సీనియర్ సర్జన్, సీనియర్ మత్తు డాక్టరు ఉండాలని, తర్వాత క్రిటికల్ కేర్‌కు పంపాలని ప్రమాణం పెట్టారు. ఆసుపత్రివారీగా ఫలితాలు బయటపెట్టారు. మొదట 11.8 శాతమున్న, ఆపరేషన్ తర్వాత నెలరోజుల్లోపు మరణాలు కొన్నేళ్లలో 9 శాతం దగ్గరికి దిగాయి.

మనకూ ఆ వీలుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో అనుమతి నుంచి క్లెయిమ్ దాకా ప్రతి కేసూ ఆన్‌లైన్లోనే నడుస్తుంది. ఆపరేషన్ పేరును బట్టి ప్యాకేజీ ఇస్తున్న రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, రోగి రిస్క్‌ను బట్టి రాత్రి నిఘాకు విడిగా కొంత కట్టాలి. ఆ సొమ్ము తీసుకున్న ప్రతి ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో ఎందరు పోయారో, వాళ్ల రిస్క్ ఎంతో, ఏటా వెబ్‌సైట్లో పెట్టాలి.