నాందేడ్ మృతుల లెక్క ఎవరు చెప్పాలి?

నిజాం రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 వస్తే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూరు బడుల్లో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం జరుపుతారు. సరిహద్దు దాటి తెలంగాణలోని మద్నూరు వెళ్తే అదే రోజుకు పేరు గద్దె మీద ఎవరుంటే వాళ్లిష్టం: 2022లో జాతీయ సమైక్యతా దినం, 2024లో ప్రజాపాలన దినోత్సవం. కేంద్రం విమోచన దినం అంటోంది. ఇటు పుట్టిల్లు, అటు మెట్టినిల్లు ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలకు అసలేం జరిగిందో ఎవరూ పూర్తిగా చెప్పడం లేదు.

నిజాం కొమ్ము కాసిన సాయుధ దళం రజాకార్ల దాడులకు తాళలేక పైన్‌గంగ నది దాటి పక్కనున్న బేరారు ప్రాంతానికి పారిపోయిన వాళ్ల గోస నిజం. 1948 సెప్టెంబరులో ‘పోలీసు చర్య’ పేరుతో భారత సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన మారణకాండ కూడా అంతే నిజం. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను ప్రభుత్వాలు దశాబ్దాల పాటు తొక్కిపెట్టాయి. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చూడ్డానికి దొరకలేదు.

అప్పుడు దాచిన కాంగ్రెస్‌దీ తప్పే. ఇప్పుడు రజాకార్ల దగ్గరే కథ ఆపేసి ఓట్లడిగే బీజేపీదీ తప్పే. రజాకార్ల ఊసెత్తకుండా పోలీసు చర్యనే చెప్పేవాళ్లూ సగమే చెబుతున్నారు.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి, సాటి హిందువులకే అడ్డం నిలబడి, ప్రాణాలు పోగొట్టుకున్న హిందూ నేతగాళ్లున్నారని రాశారు. మగ్గం మీద బతికిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అయినా ఆ మనుషుల ఊసు ఏ సభలోనూ మాకు వినపడలేదు. ఏ పార్టీకీ పనికిరాని త్యాగం కాబట్టే అది మరుగున పడిందని మా అభిప్రాయం.

ఆనాటి సంగతులు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై ఐదు దాటారు. నిజాం వ్యతిరేక పోరాట నేత రామానంద తీర్థ పేరు పెట్టుకున్న నాందేడ్ విశ్వవిద్యాలయం వాళ్ల మాటలను తెలుగు, మరాఠీ, ఉర్దూల్లో, ఎవరి భాషలో వాళ్లవి రికార్డు చేయించాలి. ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉన్న కిన్వట్ 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది గనుక ఈ పనికి తెలంగాణ ప్రభుత్వం కూడా చేయి కలపాలి. సుందర్‌లాల్ నివేదిక ఈ మూడు భాషల్లో ప్రతి తాలూకా గ్రంథాలయానికీ చేరాలి. ఈ పని వచ్చే సెప్టెంబరు 17లోగా మొదలుపెట్టాలని రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులనూ కోరుతున్నాం.