విదేశీ పోస్టు బిల్లు, జవాన్ల పెన్షన్: ఆ ఫార్వర్డ్‌లో చెప్పినవి నిజాలు కావు

సైనిక్‌పురి, యాప్రాల్, తిరుమలగిరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువగా ఉండే కాలనీలు కాబట్టి ఇంటింటికీ పాకింది. సారాంశం ఇది. విదేశంలో ఉన్న మన మిలిటరీ ఇంటెలిజెన్స్ పోస్టు ఖర్చు ఎవరు భరించాలో తేలక రక్షణ శాఖ, విదేశాంగ శాఖ కొట్టుకుంటున్నాయట. అంటే దేశ భద్రత ఎవరికీ పట్టలేదట. అసలు ఇలాంటి పోస్టులే చట్టవిరుద్ధమట. బ్రిటిష్ కాలంలో, నిజాం కాలంలో ఇలాంటి గొడవలే లేవట. ఆ రహస్య నిధులకు లెక్కాపత్రం ఉండదట. చివరికి ఆ లోటు పూడ్చడానికి జవాన్ల పెన్షన్ మీద చెయ్యేస్తారట.

ఏ దేశంలోని పోస్టో, ఏ సంవత్సరపు సంగతో మెసేజ్‌లో ఎక్కడా లేదు. అయినా వదిలేయలేకపోతున్నాను. ఆ చివరి వాక్యం చదివి మా కాలనీలో పెద్దవాళ్లు నిజంగా టెన్షన్ పడుతున్నారు. సికింద్రాబాద్‌లో రక్షణ ఖాతాల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ లెక్కలు ఎలా నడుస్తాయో తెలిసి కూడా ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు చట్టం సంగతి. మన రాయబార కార్యాలయాల్లో పనిచేసే సైనికాధికారిని డిఫెన్స్ అటాషే అంటారు. ఆయన దొంగచాటుగా ఉండడు. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం ఏడో అధికరణంలో సైనిక, నౌకా, వైమానిక అటాషేల ప్రస్తావన నేరుగా ఉంది. వాళ్ల పేర్లు ముందే తమ ఆమోదానికి పంపమని ఆతిథ్య దేశం అడగొచ్చు. ఆ దేశంలో పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని స్వదేశానికి నివేదించడం దౌత్య కార్యాలయం పనుల్లో ఒకటని మూడో అధికరణం చెబుతోంది. ఆ ఒప్పందానికి మన దేశంలో అమలు కల్పిస్తూ 1972లో పార్లమెంటు చట్టం చేసింది. ముసుగులో పనిచేసే గూఢచారి విషయం వేరు. పట్టుబడితే అతను ఆ దేశపు చట్టానికి జవాబు చెప్పుకోవాల్సిందే. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం దగ్గరే మెసేజ్ మొదటి తప్పు చేసింది.

ఇక శాఖల మధ్య వాదన. ఇది ఎందుకు వస్తుందో అర్థమైతే సగం భయం పోతుంది. అటాషే కూర్చునేది రాయబారి కింద, విదేశాంగ శాఖ భవనంలో. ఆయన నివేదికలు వెళ్లేది ఢిల్లీలోని డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీకి. కార్గిల్ యుద్ధం తర్వాత లోపాలను సమీక్షించి 2002లో ఏర్పాటు చేసిన సంస్థ అది. ఆయన జీతం రక్షణ పద్దు. మరి ఇంటి అద్దె, స్థానిక డ్రైవరు జీతం, కార్యాలయం భద్రత, సమాచార పరికరాల ఖర్చు? చాలాసార్లు అక్కడి మిషనే, అంటే మన దౌత్య కార్యాలయమే, ముందుగా చెల్లిస్తుంది, తర్వాత ఏ శాఖ ఖర్చును ఆ శాఖ పద్దుకు సర్దుతారు. సర్దుబాటు దగ్గర ప్రశ్నలు లేస్తాయి. లేవాలి కూడా. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు దాదాపు 6.81 లక్షల కోట్లు ఇస్తే, విదేశాంగ శాఖకు వచ్చింది సుమారు 20,516 కోట్లు. రక్షణ శాఖకు చిన్న మొత్తం అనిపించేది విదేశాంగ శాఖకు ఒక చిన్న దేశంలోని మిషన్ నడిపే డబ్బు కావచ్చు. అలాంటి శాఖ ప్రతి బిల్లునూ తిరగేసి చూడడంలో ద్రోహం ఏముంది?

పైగా ఇది మొండితనంతో వచ్చే వాదన కాదు. రాజ్యాంగం 114వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఆమోదించిన కేటాయింపు లేకుండా సంచిత నిధి, అంటే కేంద్ర ఖజానా, నుంచి డబ్బు తీయకూడదు. ఏ పనికి ఓటు వేశారో ఆ పనికే ఆ పద్దు. ఒక పద్దు కింద మంజూరైన సొమ్మును ఇంకో పద్దుకు మళ్లించే అధికారం ఏ కార్యదర్శికీ లేదు. అందుకే 'ఇది మా పద్దు కాదు' అని ఫైలు మీద రాసే అధికారి తన పని తాను చేస్తున్నాడు. అలా రాయకుండా సంతకం పెట్టేస్తే రేపు ఆడిట్ అభ్యంతరం, ఎల్లుండి పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం ముందు వివరణ. ఈ వాదనల వల్ల పోస్టులు మూతపడతాయేమోనన్న అనుమానం కూడా నిలవదు. పోలండ్, అర్మేనియా, ఫిలిప్పీన్స్, టాంజానియా, ఇథియోపియా, మొజాంబిక్ వంటి దేశాలకు కొత్తగా అటాషేలను పంపుతున్నట్టు 2024 ఏప్రిల్‌లో పత్రికల్లో వచ్చింది.

ఎవరూ అడగని డబ్బుతో పోస్టు నడిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటిష్ గూఢచార సంస్థ తన విదేశీ పోస్టులను పాస్‌పోర్ట్ నియంత్రణ కార్యాలయాల ముసుగులో నడిపింది. వీసా ఫీజులు అక్కడే వసూలయ్యేవి. హేగ్ అధికారి ఆ ఫీజుల సొమ్ము కాజేశాడు. అది పాలస్తీనా వెళ్లాలని ఆశగా వచ్చిన యూదు శరణార్థులు కట్టిన డబ్బు. బయటపడబోతోందని తెలిసి 1936లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వ్యవహారంలో ఉద్యోగం పోగొట్టుకున్న కింది ఉద్యోగి ఒకడు తర్వాత జర్మన్ గూఢచార విభాగానికి అమ్ముడుపోయాడు. దేశ భద్రతకు నిజమైన దెబ్బ అక్కడ తగిలింది. రెండు శాఖలు ఆ ఫీజుల పుస్తకం మీద గట్టిగా పోట్లాడుకుని ఉంటే ఆ దొంగతనం అంతకాలం సాగేది కాదని నా నమ్మకం.

'పాత కాలంలో ఈ గొడవలు లేవు' అన్న మాట హైదరాబాద్‌లో కూర్చుని ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు. బొల్లారం కేంద్రంగా, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చు నిజాందే అని ఈస్టిండియా కంపెనీ పట్టుబట్టింది. బకాయిలు పేరుకున్నాయి. 1853లో ఆ సైన్యం పోషణ కోసం నిజాం తన రాజ్యంలోని బేరార్ ప్రాంతాన్ని కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయలకు అది శాశ్వత కౌలు అయింది. సైన్యం బిల్లు ఎవరిదన్న ప్రశ్నలో మన గడ్డ ఒక సంస్థానమంత భూమిని పోగొట్టుకుంది.

బ్రిటిష్ కాలం సంగతీ అంతే. భారత ఆదాయాన్ని సరిహద్దుల అవతలి యుద్ధాలకు వాడాలంటే బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభల అనుమతి కావాలని 1858 చట్టంలోనే రాశారు. దాడిని తిప్పికొట్టడం లాంటి అత్యవసర సందర్భాలకు మాత్రం మినహాయింపు. 1878-80 అఫ్ఘాన్ యుద్ధం ఖర్చులో బ్రిటిష్ ఖజానా 50 లక్షల పౌండ్లు ఇచ్చింది, మిగతాది మన నెత్తిన పడింది. 1896లో సూడాన్ తీరంలోని సువాకిన్‌కు భారత దళాలను పంపినప్పుడు వాళ్ల మామూలు జీతభత్యాలు భారతదేశమే కట్టాలన్నారు. ఇక్కడి ప్రభుత్వమే దానికి అభ్యంతరం చెప్పింది. ఆ వాదనలు వృథా పోలేదు. 1939లో కుదిరిన రక్షణ వ్యయ ఒప్పందం ప్రకారం దేశం బయట పోరాడే సైన్యం ఖర్చు ప్రధానంగా బ్రిటన్ మీద పడింది. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు బాకీ పడ్డది సుమారు 130 కోట్ల పౌండ్లు. బిల్లు ఎవరిదో ముందే రాసుకోవడం వల్ల వచ్చిన ఆస్తి అది.

రహస్య నిధుల దగ్గర మెసేజ్‌లో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. రహస్య సేవల వ్యయాన్ని ఆడిటర్ వోచరు వోచరుగా చూడడు. నియమితుడైన పైఅధికారి ఏటా పరిశీలించి ధ్రువపత్రం ఇస్తాడు, ఆడిట్ దాని మీదే ఆధారపడుతుంది. అది పలచని కాపలా. బ్రిటన్‌లో 1994 చట్టంతో గూఢచార సంస్థలపై పార్లమెంటు సభ్యుల కమిటీ వచ్చింది. మన దగ్గర అలాంటిది లేదు. 2011లో లోక్‌సభ సభ్యుడు మనీష్ తివారీ పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. కోపం రావాల్సింది ఇక్కడ. కానీ 'లెక్కే లేదు' అనడం అబద్ధం. అటాషే కార్యాలయం మామూలు ఖర్చులు, అంటే అద్దె, జీతాలు, ప్రయాణాలు, ఈ రహస్య పద్దులోకి రావు కూడా.

ఇక పెన్షన్. ఇది అందరిలోకీ దుర్మార్గమైన అబద్ధం, ఎందుకంటే వయసు మళ్లినవాళ్లను, వీరనారీలను, అంటే అమరులైన జవాన్ల భార్యలను, భయపెడుతోంది. రక్షణ పెన్షన్లకు బడ్జెట్‌లో ప్రత్యేకమైన పద్దు ఉంది. 2025-26లో దానికి కేటాయించింది సుమారు 1.61 లక్షల కోట్లు. పైన చెప్పిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. పార్లమెంటుకు తిరిగి వెళ్లకుండా ఆ పద్దులోంచి విదేశీ పోస్టుకు ఒక్క రూపాయి మళ్లించే దారి లేదు. ఎవరికైనా ఒక నెల పెన్షన్ పడకపోతే ముందు జీవన ప్రమాణ పత్రం ఇచ్చారో లేదో రక్షణ పెన్షన్ల వెబ్‌సైట్ అయిన స్పర్శ్ పోర్టల్‌లో చూసుకోండి. ఆధార్, బ్యాంకు వివరాలు సరిపోయాయో చూసుకోండి. పోర్టల్ వాడడం రాని పెద్దవాళ్లు మీ వీధిలో ఉంటే, ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసే బదులు వాళ్ల పక్కన కూర్చుని ఆ పత్రం అప్‌లోడ్ చేసిపెట్టండి.